నలుగురితో నారాయణ

“నలుగురితో నారాయణ, గుంపులో గోవింద” అను లోకోక్తి వినబడని తెలుగు లోగిలి లేదు. పదిమంది పోవు త్రోవను పోవుటయు, పదిమంది అను మాటను అనుటయు క్షేమమని దాని తాత్పర్యము. లోకముతో సర్దుకొనిపోవుటకు గుర్తుగా మన పెద్దలు మరియే మాటలను గాక భగవన్నామములనే యెంచుకొనుట ఆలోచింపదగిన విషయము.

అందు నిజము లేకపోలేదు. తిరుమల కొండకు కాలినడకను పోవు యాత్రికుడు మోకాళ్ల పర్వతము చేరునప్పటికి అడుగు ముందుకు పడక కూలబడును. వెనుకనుండి వచ్చు జనులు ఒక్కపెట్టున “గోవిందా” యనగానే అతడును గొంతు కలిపి, లేచి నడచును. ఒంటరిగా నున్నచో వెనుదిరిగెడివాడే. భజన, సంకీర్తన, తిరువీధి ఉత్సవము, గోష్ఠిగా కూడి ప్రబంధము ననుసంధించుట, ఇవన్నియు ఒకని భక్తికి మరియొకని భక్తి ఊతమగునను ఎరుకతో పెద్దలు ఏర్పరచినవే. శ్రీవైష్ణవులకు గోష్ఠి యనగా గుంపు కాదు, ఆశ్రయము.

కాని ఆ నారాయణ నామమునే నలుగురితో గాక, నలుగురును కాదనుచుండగా పలికిన బాలుడొకడు కలడు. తండ్రి కాదనెను. గురువులు కాదనిరి. హిరణ్యకశిపుని సభలో తల యూపనివాడు లేడు. ప్రహ్లాదుడు నారాయణ యనెను. నామ మొక్కటే, పలికిన తీరులు రెండు. పదిమంది సత్యము పలుకునపుడు వారితో గొంతు కలుపుట ఎంత సులభమో, వారు తప్పు పలుకునపుడు గొంతు విడదీసికొనుట అంత దుస్సాధ్యము. కన్నులార చూచినదానిని సైతము నోరార చెప్పనీయని ఆ బలము ఏది? దానికి విరుగుడు కలదా?

ఈ కాలమున మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగములతో పరిశీలించిరి. వార్సా నగరమున పుట్టి అమెరికాలో స్థిరపడిన సాలమన్ ఆష్ అను పండితుడు 1950 తరువాతి యేండ్లలో చేసి ప్రకటించిన ప్రయోగము అందు ప్రసిద్ధము. ఏడెనిమిదిమంది కళాశాల విద్యార్థులను ఒక గదిలో వరుసగా కూర్చుండబెట్టుదురు. ఒక అట్టపై ఒక గీతను, మరియొక అట్టపై మూడు గీతలను చూపి, ఈ మూడింటిలో మొదటి గీతతో సమానమైన దేదియని ఒక్కొక్కరిని అడుగుదురు. పసివాడును చెప్పగల ప్రశ్న. కాని నిజముగా పరీక్షింపబడువాడు అందు ఒక్కడే. తక్కినవారందరు ముందుగా మాట్లాడుకొని వచ్చినవారు. 18 మారులు అడిగినచో అందు 12 మారులు వారందరు ఒకే తప్పును తడబాటు లేక చెప్పుదురు. ఆ మాటలన్నియు విన్న తరువాత ఇతని వంతు వచ్చును.

ఒంటరిగా చూచునపుడు నూటికి ఒక్క తప్పైనను చేయని కన్నులవి. అట్టి కన్నులు గలవారు ఆ వరుసలో కూర్చున్నపుడు నూటికి ఇంచుమించు 37 మారులు తప్పు పలికిరి. పరీక్షింపబడిన 123 మందిలో ఒక్కమారైనను లొంగనివారు నాలుగవ వంతు మాత్రమే. పిదప కారణమడుగగా కొందరు, ఇంతమంది చెప్పినది తప్పగునా, మా చూపే చెడియుండునని తలచితిమనిరి. కొందరు తమలో నేదో లోపము కలదని భయపడి, అది బయటపడకుండుటకై పదిమంది మాటనే పలికిరి. అందరిని మోసగింపదలచినవారు కారు వీరు, మర్యాదగల పిల్లలు.

ఇందులో మిక్కిలి విలువైన భాగము మరియొకటి కలదు. ఆ మాట్లాడుకొని వచ్చినవారిలో ఒక్కనిచేత సత్యము పలికించి చూచిరి. ఎదుటివారందరు యథాప్రకారము తప్పే చెప్పుచున్నారు. అయినను ఆ ఒక్క తోడు దొరకినంతనే, పరీక్షింపబడువాని తప్పులు మునుపటిలో నాలుగవ వంతునకు దిగినవి. కొంతసేపటికి ఆ తోడున్నవాడు మాట మార్చి పదిమందిలో కలిసిపోగా తప్పులు మరల పైకెగసినవి. ఏదో పని కలదని గది విడిచిపోయిన తోడు వలన అంత చేటు జరుగలేదు. తోడై నిలిచి, పిదప ఎదుటి పక్షమున చేరినవాడే ఎక్కువ క్రుంగదీసినాడు.

గీతల లెక్క తప్పినందువలన ఎవనికిని నష్టము లేదు. ఊరి రచ్చబండ వద్ద అట్లు కాదు. ఒక గ్రామమున మిరప కల్లములో మూటలు పోయినవనుకొందము. పెద్దమనిషి యొకడు ఒక కూలివానిని చూపి “వీడే” యనును. ఆ రాత్రి ఆ కూలివాడు వేరొక చేనివద్ద కావలి యుండెనని ఎరిగినవారు ఇద్దరు ముగ్గురు అచ్చటనే కూర్చుండియున్నారు. వారిలో మొదటివాడు రెండవవాని ముఖము చూచును. రెండవవాడు మూడవవాని ముఖము చూచును. ఎవరును మాటాడరు. ఒకని మౌనము మరియొకనికి సాక్ష్యమగును: వీనికిని తెలిసియు ఊరకున్నాడు గనుక ఏదో కారణముండును, నాకేల? ఇట్లు ముగ్గురు సత్యవాదులు కలిసి ఒక అసత్యమును నిలబెట్టుదురు.

ఈ మౌనము వెనుక భయము కలదు, అది ఊహామాత్రము కాదు. పూర్వము ఊరికి ఎదురు నిలిచినవానికి వెలి విధించెడివారు. నిప్పు ఇయ్యరు, బావి వద్దకు రానీయరు, చాకలి మంగలి గడప త్రొక్కరు. ఇప్పుడు కొళాయిలు వచ్చినవి, అగ్గిపెట్టెలు వచ్చినవి. అయినను పెండ్లికి పిలుపు రాకుండుట, సాగు వేళ అడిగినపుడు ట్రాక్టరు దొరకకుండుట, పలుకరించినను ముఖము త్రిప్పుకొనుట మిగిలియున్నవి. రెండు కక్షలుగా చీలిన గ్రామములలోనైతే మరింత చిక్కు. అచ్చట సత్యము పలుకువానిని సత్యము పలికెనని యనరు, ఎదుటి పార్టీలో చేరెనని యందురు. ఈ బాధ పల్నాటివారికి ఒకరు చెప్పవలసినది కాదు.

మహాభారతమున సభాపర్వము ఈ భయమునకు నిలువుటద్దము. ద్రౌపది ధర్మసందేహ మడిగినపుడు భీష్మద్రోణాదులు గల సభ నిరుత్తరమయ్యెను. అప్పుడు లేచినవాడు ధృతరాష్ట్రుని పుత్రులలో చిన్నవాడగు వికర్ణుడు. తన్ను తానోడిన ధర్మరాజు ద్రౌపదిని పణముగా నొడ్డుట చెల్లదని యతడు వాదించెను. ఇంతవరకు అందరు ఎరిగిన కథయే. తరువాత జరిగినదానిని జనులంతగా తలంపరు. వికర్ణుని మాటలు విన్న సభాసదులు పెద్దగా కోలాహలము చేసి యతనిని కొనియాడి శకునిని నిందించిరని వ్యాసుడు చెప్పెను. అనగా ఆ సభలోనివారందరు అధర్మపక్షమువారు కారు. వారి హృదయములలో న్యాయము మెదలినది. కాని యది కోలాహలముగా మాత్రమే వెలువడినది. గుంపులో గోవిందవలె గుంపులో న్యాయము! కర్ణుడు లేచి వికర్ణుని బాలుడని గద్దించునప్పటికి ఆ సద్దు అణగిపోయెను. పేరుపెట్టి లేచి “వికర్ణుడు చెప్పినది నిజము” అని రెండవ పలుకు పలికినవాడు, ఆ క్షణమున, ఒక్కడును లేకపోయెను.

విదురుడు పిదప నోరు విప్పి ఒక పూర్వకథను చెప్పెను. విరోచనుడును, సుధన్వుడను బ్రాహ్మణ కుమారుడును ఒక కన్యకై ఎవడు శ్రేష్ఠుడని ప్రాణములు పణముగా నొడ్డి, తీర్పునకై ప్రహ్లాదునొద్దకు పోయిరి. విరోచనుడు ప్రహ్లాదునకు కన్నకొడుకు. ప్రహ్లాదుడు కశ్యపు నడుగగా ఆ మహర్షి ఇట్లు చెప్పెనట: సభలో అధర్మము జరుగుచు నిందింపబడనిచో ఆ పాపములో సగము సభకు పెద్దయైనవానికి, ఒక పాదము చేసినవానికి, ఒక పాదము నోరు మూసికొనియున్న సభాసదులకు చెందును. చేసినవానికి పాదమే! ఊరకున్నవారికిని అంతయే! అది విని ప్రహ్లాదుడు కొడుకును కాదని సుధన్వుడే శ్రేష్ఠుడని తీర్పు చెప్పెను. పసితనమున సభకంతటికి ఎదురు నిలిచినవాడు, పెద్దవాడై తానే సభాపతియైనపుడును నిలిచెను. రెండవది మొదటిదానికంటె తక్కువ కష్టము కాదు.

తోడై నిలిచి జారిపోవువానికి ఉదాహరణము లంకలో దొరకును. రావణుని సభలో కుంభకర్ణుడు అన్న చేసిన పని తగదని, ముందుగా ఆలోచన చేయకుండ చేసెనని మందలించెను. ఆ మాట ఆ వరుసలోనే సాగియుండిన ఏమయ్యెడిదో! కాని మందలించిన నోటితోనే, జరిగినదేదో జరిగినది, నీ శత్రువులను నేను చంపెదననెను. తప్పని తెలిసి తప్పు పక్షమున నిలిచిన యతని వీరత్వమును కవులు కీర్తించిరి గాని, విభీషణుని ఒంటరిని చేసిన పాపములో అతని కెంత భాగమో ఎవరును లెక్కకట్టలేదు. విభీషణుడు సైతము లంకను విడచునపుడు కేవలము ఒంటరిగా రాలేదు. నలుగురు అనుచరులు అతనితో ఆకాశమార్గమున వచ్చిరి. వాల్మీకి ఆ సంఖ్యను మరువక చెప్పెను. నలుగురితో నారాయణ యనుటకు ఇదియును ఒక అర్థమే కావచ్చును.

పల్నాటి సీమకు ఈ ప్రశ్న కేవలము పురాణములలోనిది కాదు. 12వ శతాబ్ది చివరి పాదమున గురజాలలో నలగామరాజు, మాచర్లలో మలిదేవరాజు పాలించిరి. ఇరువురును అనుగురాజు కుమారులే, సవతి తల్లుల బిడ్డలు. నలగామునకు నాయకురాలు నాగమ్మ, మలిదేవునకు బ్రహ్మనాయుడు మంత్రులు. జూదమునకు మారు కోడిపందెము, అడవికి మారు ఏడేండ్ల దేశత్యాగము, చివర కారెంపూడి రణరంగము. ఈ పోలికల వలననే దీనిని పల్నాటి భారతమందురు. చంద్రవంక యొడ్డున వెలసిన మాచర్ల చెన్నకేశవస్వామి బ్రహ్మనాయునికి ఆరాధ్యదైవము. శ్రీనాథుడు పల్నాటి వీరచరిత్రమును ఆ స్వామికే అంకితము చేసెను.

ఆ బ్రహ్మనాయుని పేరు నేటికిని నిలిపినది యుద్ధము కాదు, చాపకూడు. చాపలు పరచి, కులభేదము పాటింపక, అందరును ఒక్కచోట కూర్చుండి భుజించుట. మాలకులమున పుట్టిన కన్నమదాసును అతడు కొడుకుగా చేరదీసి సేనలో అగ్రస్థానమున నిలిపెను. శ్రీరామానుజులు తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అందరికి మంత్రార్థమును చాటిరని విని తలవంచు మనము, పంక్తిభోజనము దగ్గర తడబడుదుము. ఎందుకనగా మంత్రము చెవిలో పడుటను పొరుగువాడు చూడలేడు. పంక్తిలో కూర్చుండుటను ఊరంతయు చూచును.

ఈ చాపకూటిని గూర్చి చెప్పువారందరు బ్రహ్మనాయుని సాహసమునే పొగడుదురు. పొగడదగినదే. కాని యతడు మంత్రి, ఆయుధములు గలవాడు. అతనికి వెలి వేయగలవా డెవడు? మంత్రి కూర్చున్న చాపమీద, అతని తరువాత వచ్చి రెండవవాడుగా కూర్చున్న సామాన్య గృహస్థు ఎవడో! అతని పేరు ఏ గాథయందును లేదు. ఇంటికి పోయిన తరువాత ఇల్లాలు ఏమన్నదో, బావమరుదులు గడప తొక్కిరో లేదో, ఆ యేడు కూతురి పెండ్లి కుదిరెనో లేదో మనకు తెలియదు. అతడు కూర్చున్న పిదప మూడవవానికి కొంత సులువైనది, పదవవానికి మరికొంత సులువైనది. నూరవవానికి అది నలుగురితో నారాయణయే. మంచి యాచారమైనను చెడ్డ యాచారమైనను జనులలో వ్యాపించు దారి ఇదియే. కారెంపూడిలో కార్తికమాసపు చివర ఆరంభమగు వీరుల యుత్సవములలో నేటికిని చాపకూడు పెట్టుచున్నారు. ఇప్పుడు అందు కూర్చుండుటకు సాహస మక్కరలేదు. అట్లక్కరలేకపోవుటయే ఆ రెండవవాని విజయము.

అయితే చాపపై కలిసి భుజించినవారి ఐకమత్యము ఎల్లప్పుడును మేలే చేసెననుటకు వీలు లేదు. రాయబారమునకు పోయిన అలరాజు విషప్రయోగమున మరణించెను. అయినను కారెంపూడిలో సంధి మాటలు సాగినవనియు, బ్రహ్మనాయుడు మొదలగు పెద్దలు అందుకు సమ్మతించిరనియు గాథ చెప్పును. అంతలో బాలచంద్రుడు వచ్చి సంధిని తిరస్కరించెను. అతని వెంట నున్నవారు నానాకులములనుండి వచ్చి సోదరులుగా పెరిగిన యువకులు. ఒకని మాట అందరి మాటయైనది. ఒకడు కత్తి దూసిన, తక్కినవారు దూయకుండుట పిరికితన మయ్యెడిది. కులముల గోడలను కూల్చిన ఆ సోదరభావమే, వలదను పెద్దల మాటను వినిపింపనీయక వారిని మృత్యువువైపు నడిపించినది. తల్లి ఐతాంబ, భార్య మాంచాల మిగిలిరి. చివరకు బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలమున ప్రవేశించెనని పల్నాటి ప్రజలు చెప్పుకొందురు. పెద్దలు నిశ్చయించుకొన్న శాంతి వాక్యమునకు ఆ యువకులలో నుండి ఒక్కడైనను రెండవ గొంతు కలిపియుండిన ఈ కథ వేరుగా నుండెడిదేమో.

ప్రసంగవశమున నాగమ్మను గూర్చియు ఒక మాట. ఈ కథను తరతరములు పాడి నిలిపినవారు వీరవిద్యావంతులు. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పల్నాటి వీరచరిత్రమును పరిష్కరించి ప్రకటించు వరకు ఇది ప్రధానముగా వారి గొంతులలోనే బ్రతికినది. వారి యారాధన బ్రహ్మనాయుని పక్షపు వీరులయెడ. కావున నాగమ్మ ప్రతినాయికగానే మిగిలిపోయెను. ఆ కాలమున ఒక స్త్రీ మంత్రిపదవి నధిష్ఠించి రాజ్యభారమును మోసెననునది ఆ పాటల హోరులో మరుగుపడినది. ఆమె శివభక్తురాలైనంత మాత్రమున వైష్ణవులు ఆమెను దూషింప నక్కరలేదు. చెప్పువారందరు ఒక్క పక్షమువారైనపుడు వినువాడు కొంత ఆగి వినవలెను.

పదిమంది కూడుట వలన కలిగిన మేలునకును పల్నాటిలోనే నిదర్శనము కలదు. 1921-22లో అడవిలో పశువులను మేపుకొనుటకు పుల్లరి కట్టుమని నిర్బంధించినపుడు గ్రామములు కూడబలుకుకొని ప్రభుత్వోద్యోగులకు సహాయము నిరాకరించినవి. మించాలపాడు వాసియగు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో తుపాకి గుండ్లకు నేలకొరిగెను. ఒక్కొక్క కాపు విడివిడిగా నున్నచో మొదటి నాడే పన్ను కట్టియుండెడివాడు.

అట్లని పదిమందిని కాదనుటయే ధర్మమను భ్రమయు కూడదు. శ్రీకృష్ణుడు రాయబారిగా వచ్చి సంధి చెప్పెను. భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, తుదకు తల్లి గాంధారి, అందరును సంధి చేసికొమ్మనిరి. అంతమందికి ఎదురుగా “సూదిమొన మోపినంత నేలయు నీయను” అని నిలిచినవాడు దుర్యోధనుడు. నిబ్బరము చూచినచో ప్రహ్లాదునకు తీసిపోడు. మరి భేదమెచ్చట? దుర్యోధనుడు నిలిచినది తన రాజ్యముకొరకు, తన పంతముకొరకు. వికర్ణుడు నిలిచినది ద్రౌపదికొరకు. ఆ మాట వలన అతనికి రాదగినది నిందయే. ఎదురు నిలిచినందువలన కలుగు లాభము ఎవరిది, నష్టము ఎవరిది యని చూచుకొన్నచో మొండితనమేదో ధర్మమేదో చాలవరకు తెలియును. పల్నాటి గ్రామకక్షలలో “నే నొక్కడనే నిలిచితిని” అని మీసము దువ్వువారు ఈ లెక్కను ఒకమారు వేసికొనుట మంచిది.

ఇంతవరకు చెప్పినది వరుసలో కూర్చున్నవారిని గూర్చి. కశ్యపుడు పాపములో సగభాగమును సభకు పెద్దయైనవానికి చెప్పెను గదా. గ్రామమునకు సర్పంచి కావచ్చును, ఇంటికి యజమాని కావచ్చును, పదిమందిని కూర్చుండబెట్టి అభిప్రాయమడుగు పెద్ద ఎట్లు నడుచుకొనవలెను? సముద్రతీరమున శ్రీరామచంద్రుడు నడపిన సభను చూచినచో తెలియును.

విభీషణుడు ఆకాశమున నిలిచి శరణుకోరుచున్నాడు. సుగ్రీవుడు వెంటనే వీనిని చంపదగుననెను. శ్రీరాముడు తన నిశ్చయమును ముందుగా వెల్లడింపలేదు. పెద్ద ముందే పలికినచో తక్కినవారి నోళ్లు మూతపడునని ఎరిగిన ప్రభువు. తక్కిన వానరముఖ్యులను చెప్పుడనెను. అంగదుడు పరీక్షింపవలెననెను. శరభుడు చారులను పంపవలెననెను. జాంబవంతుడు, రాదగని చోటికి రాదగని వేళ వచ్చినవాడు గనుక శంకింపవలెననెను. మైందుడు మెల్లగా ప్రశ్నించి తెలిసికొనవలెననెను. మాటలలో భేదమున్నను అందరి తాత్పర్యము అనుమానమే. వరుస అంతయు ఒకవైపు ఒరిగిన పిదప హనుమంతుని వంతు వచ్చెను. అతడు సుగ్రీవునకు మంత్రి. తన రాజు చంపుమని చెప్పిన తరువాత, వయోవృద్ధుడగు జాంబవంతుడు శంకింపుమని చెప్పిన తరువాత, ఎవరిని నిందింపక, ఒక్కొక్కరి వాదమునకు సమాధానము చెప్పుచు, వచ్చినవాని ముఖమున గాని మాటయందు గాని దుష్టత్వము కనబడుట లేదనియు, పరిగ్రహింపదగుననియు చెప్పెను. లంకలో విభీషణుని చూచినవాడును, ఎరిగినవాడును ఆ గోష్ఠిలో అతడొక్కడే.

ఆ మాటకు శ్రీరాముడు ప్రసన్నుడయ్యెను. అప్పుడు గాని తన హృదయమును విప్పలేదు. సుగ్రీవుడు మరల అడ్డుచెప్పగా స్వామి కోపింపలేదు. తన యందలి ప్రేమచేతనే స్నేహితుడు భయపడుచున్నాడని గ్రహించి, శరణన్న శత్రువునకు తన మాంసమునే ఆహారముగా నిచ్చిన పావురము కథ చెప్పెను. ఒక్కమారు నీవాడనని శరణన్నవానికి అభయమిచ్చుట తన వ్రతమనెను. వచ్చినవాడు విభీషణుడైనను, స్వయముగా రావణుడే యైనను తోడ్కొనిరమ్మని, ఆ పనిని అంతవరకు కాదనుచున్న సుగ్రీవునికే అప్పగించెను. అప్పుడు సుగ్రీవుడు, తన అంతరాత్మయు విభీషణుడు పరిశుద్ధుడనియే చెప్పుచున్నదని యొప్పుకొనెను.

విభీషణుడు తన నలుగురితో నేలకు దిగి ఆ పాదములపై వ్రాలెను.